నీలవేణి కోసం ఉపవాస ప్రార్థన

నీలవేణి ఉన్నట్టా, లేనట్టా?

ఈ ప్రశ్నకు నా దగ్గర ఇప్పటికీ జవాబు లేదు. మా చర్చి స్త్రీల సమాజానికి అధ్యక్షురాలు నిర్మల. శుక్రవారం ఉపవాస ప్రార్థనలో రోగుల పేర్లు వరుసగా చెబుతూ వచ్చి ఆ పేరు దగ్గర ఆగుతుంది. ఉంటే స్వస్థత కోసం ప్రార్థించాలి. పోయి ఉంటే ఇంట్లోవాళ్ళకు ఆదరణ, ఓదార్పు కలగాలని ప్రార్థించాలి. రెండూ కాక మధ్యలో నిలిచిపోయిన మనిషి కోసం ఏమని ప్రార్థించాలో మా సంఘంలో ఎవరికీ తెలియదు. నిర్మల కళ్ళజోడు పైకి తోసి నా వైపు చూస్తుంది. పుస్తకాలు చదివే మనిషిని కాబట్టి నాకు తెలిసి ఉండాలని ఆమె లెక్క. నేను కళ్ళు మూసుకుంటాను. ప్రార్థనలో కళ్ళు మూసుకున్నవాళ్ళను ఎవరూ ఏమీ అడగరు. ఈ సౌకర్యం కోసమే సగం మంది వస్తారని నా అనుమానం.

నీలవేణిని మాకు అప్పగించింది ప్రేమావతి.

ప్రేమావతి పుట్టిల్లు కొత్వాల్‌గూడ. ఇప్పుడు ఉండేది శంషాబాద్‌లో, మా వీధి చివర. భర్త జయశీలన్ విమానాశ్రయానికి కారు నడుపుతాడు. ఆమె అదే విమానాశ్రయంలో ఒక కాంట్రాక్టరు కింద మరుగుదొడ్లు శుభ్రం చేసే ఆడవాళ్ళ మీద సూపర్‌వైజరు. మీరు విమానం ఎక్కారా అని చుట్టాలు అడుగుతుంటారు. "ఎక్కేటోళ్ళు, దిగేటోళ్ళు అందరు మా దగ్గరికే వస్తరు, ఇగ మేం యాడికి పోవాలె" అంటుంది.

ఆమె చూసుకునే ప్రతి మరుగుదొడ్డి బయటా గోడకు ఒక చిన్న తెర ఉంటుంది. దాని మీద మూడు మొహాలు. ఆకుపచ్చది నవ్వుతుంది, పసుపుది మూతి బిగిస్తుంది, ఎర్రది ఏడుస్తుంది. ప్రయాణికులు పోతూ పోతూ తమకు తోచిన మొహాన్ని నొక్కిపోవాలి. ఎర్రది నొక్కారంటే ప్రేమావతి జేబులో ఫోన్ వణుకుతుంది. ఆమె ఎక్కడున్నా, ఏం తింటున్నా, అక్కడికి ఉరకాలి. కొందరు నేల తడిగా ఉందని నొక్కుతారు. కొందరు విమానం ఆలస్యమైందని నొక్కుతారు. పిల్లలు ఎరుపు బాగుందని నొక్కుతారు. ఒక పెద్దమనిషి సామాను బరువు ఎక్కువైందని కౌంటరు దగ్గర గొడవపడి, అక్కడ నెగ్గలేక, వచ్చి ఎర్ర మొహాన్ని కసితీరా పొడిచి పోయాడట. ఈమె ఉరికి వచ్చి, ఆయన సూట్‌కేసు బరువు తగ్గడానికి నేల మళ్ళీ తుడిపించింది.

విమానాశ్రయం తెరిచినప్పటి నుంచీ ఇదే ఉద్యోగం. ఇన్నేళ్ళలో లోకం గురించి ఆమెకు గట్టిగా తెలిసిన సంగతి ఒక్కటే. బటన్ నొక్కితే ఎక్కడో ఒకచోట ఎవరో ఒకరు ఉరుకుతారు.

మిగతా లోకంలో ఈ సూత్రం నడవదని ఆమెకు ఎవరూ చెప్పలేదు. మా వీధి వాట్సాప్ గుంపులో స్పీడ్ బ్రేకర్ కావాలా వద్దా అని ఓటింగ్ పెట్టారు. అందరికంటే ముందు నొక్కింది ఆమే. వీధి వీధంతా కావాలనే నొక్కింది. స్పీడ్ బ్రేకర్ రాలేదు. దానికి తెల్ల గీతలు వేయాలా పసుపు గీతలు వేయాలా అని ఇంకో ఓటింగ్ వచ్చింది. దానికీ ఆమె నొక్కింది. పసుపు.

ఇలాంటి మనిషి ఫోన్‌లోకి మకరపురి వచ్చి చేరింది.

డ్యూటీ దిగాక స్టాఫ్ బస్సు కోసం కాసుకుని ఉండే చోట, ఆమె కింద పనిచేసే అమ్మాయిలు ఏవో ఆటలు ఆడుకునేవారు. వాళ్ళలో ఒకరు ఈమె ఫోన్‌లోనూ వేసిపెట్టారు. మకరపురి అంటే ఆ ఆటలో నది ఒడ్డున ఉండే ఊరు. వేలమంది ఎవరి ఫోన్లలో వాళ్ళు ఒకేసారి ఆడతారు. అందులో మాటలన్నీ తెలుగే. తెరవగానే ఒక గంభీరమైన మగ గొంతు, "వీరుడా, నీ నిర్ణయమే కథ" అంటుంది. ఈమె ఎంచుకున్నది ఆడమనిషి వేషమే అయినా ఆ గొంతు చివరిదాకా వీరుడా అనే పిలిచింది. మళ్ళీ రికార్డు చేయాలంటే ఖర్చు కదా.

ఆ ఊరి రేవులో ఎప్పుడు చూసినా వందమంది వీరులు నిలబడి ఉంటారు, విమానాశ్రయం బయట పేర్ల బోర్డులు పట్టుకున్న డ్రైవర్లలాగా. ఊరి పెద్ద ప్రతి ఒక్కరి దగ్గరా, "నువ్వు తప్ప మాకు దిక్కు లేదు" అని కళ్ళనీళ్ళు పెట్టుకుంటాడు. పక్కనే నిలబడ్డ తొంభైతొమ్మిది దిక్కులు ఆయనకు కనబడవు. ప్రేమావతి నాకు ఆ రేవును చూపించినప్పుడు ఈ మాటే అన్నాను. "అందరు ఉంటరు పెద్దమ్మా. ఉరికేది ఒక్కరే గదా" అంది.

ఆ రేవులో పడవ నడిపేవాడి కూతురే నీలవేణి. తల్లి లేదు. ఎప్పుడు వెళ్ళినా, "వచ్చావా? తిన్నావా?" అని అడుగుతుంది. వేలమందినీ అదే అడుగుతుంది, అదే గొంతుతో. అయినా ప్రేమావతికి అది ఎక్కడో తగిలింది. జయశీలన్ ఇంటికి రాగానే, "ఏం వండినవ్" అని అడుగుతాడు. రెండు ప్రశ్నలూ తిండి గురించే. తేడా చెప్పమంటే ప్రేమావతి చెప్పలేదు గాని, ఏ ప్రశ్న కోసం బస్సులో ఫోన్ తెరిచేదో మాత్రం మాకు తెలుసు.

కథలో నదికి వరద వచ్చింది. నీలవేణికి జ్వరం పట్టుకుంది. ఆట అడిగింది: మందు కోసం నీ గుర్రాన్ని అమ్ముతావా? ప్రేమావతి అవునని నొక్కింది. వెండి వడ్డాణం ఇస్తావా? ఇచ్చింది. కత్తి? కత్తీ ఇచ్చింది, చివరికి చెప్పులూ ఇచ్చింది. తోటి అమ్మాయిలు కవచాలు కొనుక్కుని, రథాలు కొనుక్కుని ఎక్కడికో వెళ్ళిపోయారు. మకరపురి మొత్తంలో చెప్పులు కూడా లేకుండా తిరిగే వీరుడు ఈమె ఒక్కతే. ఇచ్చిన ప్రతిసారీ తెర మీద పచ్చని అక్షరాలు కనబడేవి: నీలవేణి ఈ మేలు మరువదు. పెళ్ళై ఇన్నేళ్ళలో ఇంట్లో ఎవరూ ఆమెకు ఇలా రాసి ఇవ్వలేదు.

తరువాత ఒక ప్రకటన వచ్చింది. నీలవేణి బతుకుతుందా? కొద్ది రోజుల్లో ఆఖరి అధ్యాయం. ఆమె భవితవ్యం నీ చేతుల్లో.

ప్రేమావతి పరేషాన్ అయిపోయింది. మందు చాలిందో లేదో తెలియదు. ఇవ్వడానికి ఇంకేమీ మిగల్లేదు. మనిషి చేతిలో ఏమీ మిగలనప్పుడు మా వాళ్ళు చేసేది ఒకటుంది. ఆ శుక్రవారం విన్నపాలు చెప్పే వేళ లేచి నిలబడి, కొంగు తల మీదికి లాక్కుంది.

"నీలవేణి అని, పడవ నడిపేటాయన బిడ్డ. తల్లి లేదు. జరం తగ్గుతలేదు. మీరందరు జర ప్రార్థనల పెట్టుకోండ్రి" అంది.

ఇందులో ఒక్క అబద్ధం లేదు. తరువాత మేం ఎంత వెతికినా దొరకలేదు.

మా వాళ్ళు ప్రార్థించారు. సామాన్యంగా ప్రార్థించలేదు. తల్లి లేని బిడ్డ అనేసరికి ఏడ్చారు. వరుసగా మూడు శుక్రవారాలు ఆ పిల్ల కోసం ఉపవాసం ఉంటామని నిర్మల అందరి తరఫునా మొక్కుకుంది. ఇది అంతటితో ఆగితే బాగుండేది. కాని రోగిని కళ్ళారా చూసి, బ్రెడ్డూ బత్తాయిలూ చేతిలో పెట్టి, నుదుట ప్రార్థన నూనె రాసి వస్తేగాని మా సమాజానికి ప్రార్థన చేసినట్టు అనిపించదు. ఎక్కడుంటారని ప్రేమావతిని అడగాల్సిన అవసరం కూడా వాళ్ళకు కలగలేదు. పడవ నడిపేవాళ్ళు ఇంకెక్కడుంటారు, హిమాయత్ సాగర్ చెరువు దగ్గరే ఉంటారు. రెండో శుక్రవారం నిర్మల ఆటో మాట్లాడి, సమాజంలో మరొకరిని వెంటబెట్టుకుని, పళ్ళు కొని, నూనె సీసా సంచిలో పెట్టుకుని, ప్రేమావతి గేటు ముందు హారన్ కొట్టించింది. డ్యూటీ నుంచి అప్పుడే వచ్చిన మనిషి మెడలో గుర్తింపు కార్డైనా తీయకుండా ఆటో ఎక్కింది. నేనూ ఎక్కాను. రోగుల్ని చూడబోయేటప్పుడు తెల్లజుట్టు మనిషి ఒకరు పక్కన ఉంటే నిండుగా ఉంటుందని నన్ను తీసుకుపోతారు.

కొత్వాల్‌గూడ దాటేదాకా ప్రేమావతి మాట్లాడలేదు. తన పుట్టిల్లు వైపు తిరిగి కూడా చూడలేదు. ముందు చెరువు గట్టు కనబడుతుండగా నిర్మల అడిగింది.

"ఇగ యాడ తిరగాలె, చెప్పు ప్రేమా."

"ఆటో ఆపుండ్రి జర. పిల్ల గీడ లేదక్కా."

"మరి ఏ దవాఖానల ఉంది?"

"ఫోన్‌ల ఉంది."

నిర్మలకు ఇందులో చిక్కేమీ కనబడలేదు. కరోనా రోజుల నుంచి ఎందరో రోగులకు ఆమె ఫోన్‌లోనే ప్రార్థన చేసింది. "వీడియో కాలా? పెట్టు, గట్లనే చేద్దాం. నూనె తర్వాత రాద్దాం" అంటూ కొంగు తల మీదికి లాక్కుంది. ప్రేమావతి ఫోన్ తెరిచి చేతికిచ్చింది. పడవలో చాప మీద పడుకుని ఉంది నీలవేణి. వెనక నది పారుతోంది. నిర్మల కళ్ళు మూసుకోబోయి, మళ్ళీ తెరిచి, కళ్ళజోడు సర్దుకుని చూసింది.

"ఇది బొమ్మనా?"

"బొమ్మనే అక్కా. కానీ జరం నిజంగనే వచ్చింది."

నిర్మల ఫోన్‌ను తిరిగి ప్రేమావతి ఒళ్ళో పెట్టింది. ఆటో అతనే బత్తాయిలు ఇగ ఏం చేస్తారని అడిగాడు. ఉపవాసంలో ఉన్న ఆడవాళ్ళ మధ్య అది మంచి ప్రశ్న కాదు.

వెనక్కి వస్తున్న దారి పొడుగునా తీర్పు నడిచింది. దేవుణ్ణి ఎగతాళి చేసినట్టయిందని నిర్మల అంది. లేని పిల్ల కోసం కడుపు మాడ్చుకున్నామని ఇంకొకరు అన్నారు. ఇంటి మీద మరో అంతస్తు లేవాలని, అల్లుడి ప్రమోషన్ నిలబడాలని మేం అదే గదిలో ఎన్ని శుక్రవారాలు ప్రార్థించామో నాకు గుర్తొచ్చింది. ఆ అంతస్తూ అప్పటికి లేనిదే. అయితే ఆ మాట ఆటోలో అనే ధైర్యం నాకు లేకపోయింది. నూనె సీసా ఉన్న సంచి నా ఒళ్ళోనే ఉంది.

ఈ తగువు తేల్చడానికి పాస్టరుగారిని కాకుండా బ్లెసన్‌ను పిలిచారు. బ్లెసన్ నిర్మల కొడుకు. నగరంలో ఇలాంటి ఆటలే తయారుచేసే వేరే కంపెనీలో పని. ఆదివారం ఆరాధన అయ్యాక ప్లాస్టిక్ కుర్చీ వేసి కూర్చోబెట్టారు. మంచి పిల్లవాడు. నవ్వకుండా అంతా విన్నాడు. అక్కడే నేను అతణ్ణి మెచ్చుకున్నాను.

"మీరు ఎన్ని ఇచ్చినా ఆ పిల్ల పోతది ఆంటీ. అది ఎప్పుడో రాసేసి ఉంటరు. గొంతులు గూడ రికార్డు చేసేసి ఉంటరు. ఎవ్వలు ఆడినా అంతే" అన్నాడు.

"మరి నన్నెందుకు అడిగిండ్రు?"

"అడిగితే మీకు మంచిగనిపిస్తది గదా. మల్ల మల్ల వస్తరు."

ప్రేమావతి తన చేతుల వైపు చూసుకుంది. "నేను నొక్కినప్పుడు ఆడ ఎవ్వలు ఉరకలేదా?" అని అడిగింది.

బ్లెసన్‌కు అర్థం కాలేదు. మూడు మొహాల సంగతి అతనికి తెలియదు. నేను రెండు ముక్కల్లో చెప్పాను. అతను తల గోక్కుని, ఆమెకు ఏదో ఒకటి ఇవ్వాలని నిజాయితీగానే వెతికాడు. "ఒక తేడా అయితే ఉంటది. మా దగ్గర గూడ అట్లనే చేస్తం. మందు తెచ్చినోళ్ళకు ఆఖరి సీన్ల పిల్ల పచ్చ శాలువా కప్పుకొని ఉండొచ్చు. తేనోళ్ళకు తెల్ల శాలువా. గంతవరకు మీ చేతుల ఉంటది" అన్నాడు.

గుర్రం, వడ్డాణం, కత్తి, చెప్పులు కలిపి ఒక శాలువా. గింజుకుంటే రంగు మార్చుకోవచ్చు. మా వీధి స్పీడ్ బ్రేకర్ గీతల్లాగే.

గుమ్మం దగ్గర కారు తాళాలు తిప్పుకుంటూ నిలబడ్డ జయశీలన్ ఓదార్చబోయాడు. "ఇంట్ల నా మాట ఎన్నడన్న నడిచిందా? నేను గుర్రం అమ్ముకున్ననా? ఊకో" అన్నాడు. అతని దృష్టిలో అది గొప్ప ఓదార్పు. ప్రేమావతి నవ్వలేదు. ఆ పిల్లను చూసే బాధ్యత తనదేనని, ఎవరు ఏం రాసిపెట్టుకున్నా ఆఖరి అధ్యాయంలో తాను అక్కడ ఉంటానని చెప్పింది. ఎర్ర మొహం నొక్కినవాడు వెళ్ళిపోయాడని తెలిసినా ఆమె ఉరికి వచ్చి చూసేది కదా, ఆ గొంతుతోనే చెప్పింది.

ఇక్కడ మా సమాజానికి ఒక ఇబ్బంది వచ్చిపడింది. మూడో శుక్రవారం ఉపవాసం మిగిలి ఉంది. బొమ్మ కోసం మొక్కుకోవడం తప్పే కావచ్చు, కాని మొక్కుకున్నది తప్పడం ఇంకా పెద్ద తప్పు. నిర్మల బాగా ఆలోచించి, "మొక్కింది దేవునికి, బొమ్మకు కాదు" అని తేల్చింది. ఆ శుక్రవారమే ఆఖరి అధ్యాయం వచ్చే రోజు కావడం యాదృచ్ఛికం. ప్రార్థన తన ఇంట్లోనే పెడతానని, ఆ రోజు బ్లెసన్ ఇంటి నుంచే పని చేసుకుంటున్నాడని నిర్మల ముందే చెప్పడం కూడా యాదృచ్ఛికమే.

ప్రార్థన ఎప్పటికంటే త్వరగా ముగిసింది. నీళ్ళ సీసాకు ఆనించి ఫోన్‌ను బల్ల మీద నిలబెట్టారు. "ఊరికెనే చూద్దాం" అంటూ నిర్మల అందరికంటే దగ్గరి కుర్చీ పట్టుకుంది. ప్రేమావతి మధ్యాహ్నం డ్యూటీ బట్టల్లో, మెడలో గుర్తింపు కార్డుతో, నేల మీద కూర్చుంది. ఇంకాసేపటికి బస్సు వీధి మొగకు వస్తుంది.

నది వచ్చింది. రేవు వచ్చింది. ఈసారి అక్కడ వీరులెవరూ లేరు. ఆఖరి ఘట్టంలో ఎవరికి వారే ఏకైక వీరుడు కావాలి కాబట్టి మిగతావాళ్ళను తీసేశారు. "వీరుడా, ఆ ఘడియ వచ్చింది" అంది మగ గొంతు. పడవలో నీలవేణి కళ్ళు తెరిచింది. ఒంటి మీద పచ్చ శాలువా ఉంది.

"వచ్చావా?" అంది ఆ పిల్ల. "తిన్నావా?"

ఆ గదిలో పొద్దుటి నుంచి ఎవరూ తినలేదు. ఆ పిల్ల కోసమే తినలేదు. నిర్మల కొంగుతో ముక్కు తుడుచుకుని, ఫ్యాను గాలికి దుమ్ము లేస్తోందంది.

తెర కింద మూడు బటన్లు వచ్చాయి. వీడ్కోలు చెప్పు. ఆశీర్వదించు. చేయి పట్టుకో.

ప్రేమావతి వేలు ఎత్తి, అట్లాగే ఆపింది. వెనక నిలబడ్డ బ్లెసన్ వైపు తలెత్తి చూసింది.

"చేయి పట్టుకో అని నొక్కితే?"

"ఏది నొక్కినా ఒక్కటే ఆంటీ. పోతది."

"ఏది నొక్కకుంటే?"

"నొక్కకుంటే సీన్ ముందుకు పోదు. అట్లనే ఉంటది."

"పిల్ల?"

"ఊపిరి తీసుకుంటనే ఉంటది."

"ఎంతసేపు?"

బ్లెసన్ జవాబు చెప్పే ముందు ఒకసారి తల్లి వైపు చూశాడు. "మీరు నొక్కేదాంక. బంద్ చేసి మల్ల ఎన్నడు తెరిచినా గీడనే తెరుచుకుంటది."

అందరం తెర వైపు చూశాం. నది పారుతోంది. పచ్చ శాలువా లేస్తోంది, పడుతోంది. అదే సమయంలో ఎక్కడెక్కడి ఫోన్లలోనో వేలమంది వీరులు కవచాలు తొడుక్కుని, రథాలు దిగి, తమకు నచ్చిన బటన్ నొక్కుతూ ఉంటారు. ఆ సాయంత్రానికి నీలవేణి ఎన్నిసార్లు పోయిందో ఆ కంపెనీవాళ్ళకే తెలియాలి. చదివే పుస్తకం మధ్యలో మూసేసినంత మాత్రాన కథ ఆగదని నేను నా బతుకంతా నమ్మాను. ఆఖరి పేజీ అక్కడే అచ్చయి ఉంటుంది. ఆ మాట ప్రేమావతితో అనబోయి, ఆమె మొహం చూసి మానుకున్నాను.

"ఏదో ఒకటి నొక్కు ప్రేమా, బస్సొస్తది" అంది నిర్మల మెల్లగా.

వీధి మొగలో బస్సు హారన్ వినిపించింది.

మా వైపు ఎవరూ, పోయొస్తా అనకుండా గుమ్మం దాటరు. మా సంఘంలో వందనాలు అనకుండా అసలే దాటరు. ప్రేమావతి ఏ బటనూ నొక్కకుండా ఫోన్ తీసి, వెలుగు ఆర్పి, కొంగుతో తెర తుడిచి సంచిలో పెట్టుకుంది. లేచి చెప్పులు వేసుకుంది. తిరిగి వందనాలు చెప్పడానికి నిర్మల రెండు చేతులూ సగం దాకా ఎత్తి ఉంచింది. ప్రేమావతి గేటు తీసి, మళ్ళీ మూసి, పడవలో ఉన్నదానికీ, గదిలో ఉన్న మాకూ ఒక్క మాట కూడా చెప్పకుండా బస్సు వైపు నడిచిపోయింది.